రియో రేవు నుంచి సీమ వీధికి

తాడిపత్రి శిల్పులు పెన్న ఒడ్డున రాతిలోనే తీగలు పాకించారు. బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గోపుర ద్వారాల దగ్గర స్త్రీమూర్తుల పక్క నుంచి లతలు మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. పెమ్మసాని నాయకులు ఆ గుడి కట్టించేనాటికి ఈ దేశంలో ఎవరూ చూడని తీగ ఒకటుంది. ఇప్పుడు సీమ ఊళ్లలో ప్రహరీల మీద నుంచి వీధిలోకి ఒరిగే కాగితపు పూల తీగ అదే.

దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1767లో ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ ఓడలు రియో డి జనీరో రేవులో ఆగినప్పుడు, వెంట వచ్చిన వృక్షశాస్త్రవేత్త కొమ్మెర్సోన్ ఈ మొక్కను సేకరించి తన నాయకుడి పేరే పెట్టాడు. మగవేషం వేసుకుని ఆయనకు సహాయకురాలిగా ఓడెక్కిన జాన్ బరే, తెలిసినంతలో భూమిని చుట్టివచ్చిన తొలి మహిళ. కొమ్మెర్సోన్ 1773లో మారిషస్‌లో కన్నుమూశాడు. మొక్క పేరు అచ్చయింది 1789లో.

కలకత్తాకు 1860 ప్రాంతంలో వచ్చింది. తోటల్లోని రకాలకు విత్తనం పట్టడం అరుదు కాబట్టి, కొమ్మ నాటుకుంటూనే ఒక తోట నుంచి మరో తోటకు పాకింది. అప్పుడప్పుడు ఒక కొమ్మ మాత్రం వేరే రంగు పూస్తుంది. దాన్ని కోసి పెంచితే కొత్త రకం. తెలుపూ గులాబీ కలిసి పూసే ‘మేరీ పామర్’ కలకత్తాలో అలాగే పుట్టింది. ప్రపంచంలో ఎక్కడ కొత్త రకం వచ్చినా పేరు నమోదు చేసేది ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ. తెలుగు నేలలో ఈ మొక్కలకు పెద్ద అంగడి కడియం నర్సరీలు.

ఒక గుత్తి తుంచి చూస్తే, రేకులనుకున్నవి మూడు రంగుటాకులని తెలుస్తుంది. ఒక్కోదాని నడిమి ఈనెకు సన్నని గొట్టంలాంటి పువ్వు అతుక్కుని ఉంటుంది. అసలు పువ్వు అదే. ఈ తీగకు నులితీగలు లేవు, ఎగబాకడానికి వంకర ముళ్లే ఆసరా.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన అనంతపురం నేలకు ఇంతగా కుదిరిన పూలమొక్క అరుదు. నీళ్లు ఎక్కువైతే ఆకు కమ్ముతుంది, నేల ఆరితే విరగబూస్తుంది. అందుకే రోడ్ల డివైడర్ల మీద దీనికంత చోటు దొరికింది. వేరు పట్టేదాకా నీళ్లు పోయాలి. ఆపైన పూత అయ్యాక కొమ్మ కత్తిరించాలి, మలిపూత కొత్త చిగుళ్ల మీదే వస్తుంది.