గొట్టాల్లో పేరుకునే సున్నం: చక్కెర పరిశ్రమ చరిత్ర నుంచి ఒక పాఠ్యాంశం

తుళ్లూరు, రాయపూడి, మందడం ప్రాంతాల నుంచి ఈ పాఠం చదువుతున్నవారికి ఇందులోని విషయం తెలిసిందే, పేరు మాత్రమే కొత్త. బోరునీటితో మిరపకు డ్రిప్ పెట్టిన రైతును అడిగి చూడండి. కొన్నాళ్లకు డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లటి పొర కట్టి నీరు సన్నబడుతుంది. అప్పుడు లైనులోకి పలచటి యాసిడ్ పంపి కడగాలి. స్నానానికి నీళ్లు కాచే బాయిలర్ లోపల కూడా ఇదే పొర కనిపిస్తుంది. ఉప్పు, పంచదార వేడినీటిలో మరింతగా కరుగుతాయి. కాల్షియం కార్బొనేట్ అందుకు విరుద్ధం. నీరు వేడెక్కిన కొద్దీ అది తక్కువగా కరుగుతుంది, గోడ ఎక్కడ ఎక్కువ వేడిగా ఉంటే అక్కడే గట్టిపడుతుంది. ఉష్ణ వినిమయ పరికరాల గోడలపై ఇలా పొరలు పేరుకోవడాన్ని పరిశ్రమల్లో ఫౌలింగ్ అంటారు.

ఇది రసాయనశాస్త్రం పాఠం కదా, చరిత్రలో దీనికేం పని అని మీరు అడగవచ్చు. బెల్లం పొయ్యిని గుర్తు చేసుకోండి. పెద్ద ఇనుప పెనంలో రసం పోసి, కాస్త సున్నం, బెండ జిగురు వేసి, తెట్టు తీస్తూ కాస్తారు. అక్కడ కూడా అడుగంటుతుంది. కానీ పెనం తెరిచే ఉంటుంది. పాకం దించాక గోకి, కడిగి, మళ్లీ రసం పోస్తారు. కంటికి కనిపించేది, చేతికి అందేది సమస్యగా మారదు. పాత్రను మూసివేసి, పని ఆపకుండా రాత్రింబవళ్లు నడపడం మొదలైనప్పుడే ఈ పొర ఒక పారిశ్రామిక సమస్య అయింది.

ఆ మార్పులో ప్రధానంగా చెప్పుకోవలసిన పేరు నార్బర్ట్ రిలియూ. ఆయన 1806లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో పుట్టాడు. తల్లి నల్లజాతి మూలాలున్న మహిళ, తండ్రి తెల్లజాతీయుడు. చదువు పారిస్‌లో సాగింది. ఆ కాలంలో లూసియానా తోటల్లో బానిసలు వరసగా పెట్టిన మరిగే కడాయిల్లో ఒకదాని నుంచి మరొకదానికి పెద్ద గరిటెలతో రసం తోడేవారు. కాలిన గాయాలు ఆ పనిలో భాగంగానే ఉండేవి. రిలియూ 1843లోను, 1846లోను పేటెంట్లు పొందిన పద్ధతి వేరు. మొదటి పాత్రలోని రసం నుంచి లేచిన ఆవిరే రెండో పాత్రను వేడి చేస్తుంది. చివరి పాత్రలో గాలిని తోడివేయడం వల్ల రసం తక్కువ వేడికే మరుగుతుంది. నాలుగు పాత్రలుంటే ఒక కిలో ఆవిరితో దాదాపు నాలుగు కిలోల నీటిని తొలగించవచ్చు. ఇంధనం మిగిలింది, గరిటె పని పోయింది. అయితే రసం ఇప్పుడు మూసిన పాత్రలోని గొట్టాల పాలైంది. పాత్ర లోపలికి మనిషి వెళ్లవలసిన కొత్త పని పుట్టింది.

ఈ యంత్రపు వారసులే మన చక్కెర కర్మాగారాల్లోని ఎవాపరేటర్లు. పనివాళ్లు వీటిని ‘బాడీలు’ అంటారు. కృష్ణా డెల్టాలో, ఐ.సి.ఎస్. అధికారిగా పనిచేసిన వెలగపూడి రామకృష్ణ 1941లో కె.సి.పి. సంస్థ ద్వారా చేపట్టిన ఉయ్యూరు కర్మాగారం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అటువంటి కర్మాగారాల్లో రసాన్ని తేటపరచడానికి సున్నపు నీరు, గంధకపు పొగ వాడే సల్ఫిటేషన్ పద్ధతి మన దేశంలో ఎక్కువ. మలినాలను అడుగుకు దింపేది ఆ సున్నమే. దిగకుండా రసంలో మిగిలిన కాల్షియం మాత్రం గొట్టాల్లో సల్ఫైటు, సల్ఫేటు, ఫాస్ఫేటు రూపాల్లో పేరుకుంటుంది. రసం చిక్కబడే చివరి బాడీలో సిలికా కూడా తోడై పొర రాయిలా తయారవుతుంది.

ఒక అంచనా చూడండి. మామూలు ఉక్కు ఉష్ణవాహకత సుమారు 50 అనుకుంటే, సున్నపు పొరది సుమారు 2 మాత్రమే. అంటే 1 మిల్లీమీటరు పొర దాదాపు 25 మిల్లీమీటర్ల ఉక్కు గోడ అడ్డుపడినట్టు పనిచేస్తుంది. రసం చిక్కబడటం నెమ్మదిస్తే వెనకాల క్రషింగ్ కూడా నెమ్మదించాలి. ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరకు బండ్లు ఆగిపోతాయి. నరికిన చెరకు ఎండలో ఉన్నకొద్దీ తూకం తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. రైతుకు డబ్బు వచ్చేది టన్నుల లెక్కన. కనిపించని గొట్టంలోని పొర ఖర్చు కొంత ఫ్యాక్టరీ ఖాతాలో, కొంత బండి మీద కూర్చున్న మనిషి ఖాతాలో పడుతుంది. పరిశ్రమల చరిత్రలో ఈ రెండో ఖాతాకు చోటు దొరకడం అరుదు.

మూడో ఖాతా శుభ్రం చేసేవారిది. క్రషింగ్ ఆపి, బాడీలో కాస్టిక్ సోడా గంటల తరబడి మరిగించి, ఆ తరవాత పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తారు. మిగిలిన పొరను లోపలికి దిగి బ్రష్షులు, కట్టర్లతో ఒక్కో గొట్టం గీకాలి. సల్ఫైటు పొరకు ఆమ్లం తగిలితే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తుంది. ఇనుముకు తగిలితే మండే స్వభావమున్న హైడ్రోజన్ వస్తుంది. పాత్రకు గాలి ఆడే దారి తక్కువ. 2025 వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 36వ సెక్షన్ ఇటువంటి చోట్ల గురించి ఇలా చెప్పేది: లోపలి వాయువులు తొలగించాలి, బయటికి రావడానికి తగిన మార్గం ఉండాలి, అవసరమైతే శ్వాస పరికరం, నడుముకు తాడు ఉండాలి. ఈ సెక్షన్‌ను ఒకసారి చదవండి. చట్టంలోని ఒక్కో షరతు వెనక ఏ ప్రమాదం ఉందో ఊహించడం చరిత్ర విద్యార్థికి మంచి అభ్యాసం.

ఇంజనీర్లు ఈ సమస్యను చాలాకాలం ముందుగానే ఒప్పేసుకుని డిజైన్ చేశారు. అమెరికా పరికరాల తయారీదారుల సంఘం ‘టెమా’ ప్రమాణాలు మొదట వెలువడింది కూడా 1941లోనే. వాటిలోని పట్టికల ప్రకారం, పొర ఎలాగూ పడుతుంది కాబట్టి గొట్టాల విస్తీర్ణం ముందే పెంచేవారు. నా దృష్టిలో ఇది సగం పరిష్కారమే. గొట్టాలు ఎక్కువైతే ఒక్కోదానిలో ప్రవాహ వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే పొర త్వరగా నిలుస్తుంది. 1959లో కెర్న్, సీటన్ పొర పడే వేగాన్ని, ప్రవాహం దాన్ని ఊడ్చే వేగాన్ని విడివిడిగా లెక్కగట్టాక ఆలోచన మారింది. ప్రవాహాన్ని వేగంగా ఉంచడం, రసాన్ని ముందే బాగా తేటపరచడం, అదనంగా ఒక బాడీ ఉంచుకుని ఒకటి కడిగేటప్పుడు మిగతావి నడపడం, గీకుడుకు బదులు అధిక పీడన నీటి జెట్లు వాడడం వంటి మార్గాలు స్థిరపడ్డాయి. చివరి రెండిటి వల్ల రైతుకూ, లోపలికి దిగే కార్మికుడికీ నేరుగా మేలు జరిగింది.

రాయపూడి రేవు నుంచి చూస్తే కృష్ణకు అవతల ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు కనిపిస్తాయి. 1979లో మొదటి యూనిట్ మొదలైన ఆ థర్మల్ కేంద్రం ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలిచిన నీటిని వాడుకుంటుంది. నదినీటితో నడిచే కండెన్సర్ల గొట్టాల్లో ఒండ్రు, నాచు పొరకడితే అదే కరెంటుకు ఎక్కువ బొగ్గు కాల్చాలి. జర్మనీలో 1950లలో టాప్రోగె సంస్థ దీనికి స్పాంజి బంతుల పద్ధతి తెచ్చింది. గొట్టం కంటే కొంచెం పెద్ద బంతులు నీటితోపాటు దూరి గోడలను తుడుస్తూ పోతాయి, అవతల వలలో పట్టి మళ్లీ వదులుతారు. యంత్రం ఆగదు, మనిషి దిగనక్కరలేదు.

అభ్యాసం: మీకు దగ్గరలోని చక్కెర, రసాయన లేదా విద్యుత్ కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒకరిని కలవండి. గొట్టాలు ఎన్నాళ్లకొకసారి, ఎవరు, ఏ పనిముట్లతో శుభ్రం చేసేవారో, ఆ పద్ధతి ఎప్పుడు మారిందో అడిగి రెండు పేజీల్లో రాయండి. పనివాళ్లు వాడిన మాటలను వారు పలికినట్టే రాసుకోండి.