క్రిక్లీ కొండ మీద నాలుగువందల ములుకులు

ఇంగ్లండ్ పడమటి భాగాన, గ్లోస్టర్‌షైర్‌లో, సెవెర్న్ నది మైదానం మీదికి పొడుచుకొచ్చినట్టుండే సున్నపురాతి కొండ క్రిక్లీ హిల్. దాని మీద చెకుముకి రాతి బాణపు ములుకులు నాలుగు వందలకు పైగా దొరికాయి. ఆకు ఆకారంలో సన్నగా చెక్కినవి. బ్రిటన్‌లో తొలి రైతుల కాలపు చోట్లలో ఇలాంటివి దొరకడం కొత్తేమీ కాదు. ఒక్కదాన్నే అరచేతిలో పెట్టుకుని చూస్తే అది జింక మీద వేసిందో మనిషి మీద వేసిందో చెప్పలేం. ఏ ములికి ఎక్కడ పడి ఉందో పటం మీద చుక్కలు పెట్టుకుంటూ పోయాకే సంగతి బయటపడింది. చుక్కలు ద్వారాల దగ్గర ముసురుకున్నాయి. దుంగల దడి పొడుగునా చెదురుగా కనిపించాయి. ద్వారం దాటి లోపలి ఇళ్ళ వైపు పోయే బాట మీద, ఎవరో తరుముకుంటూ వెళ్ళినట్టు పరుచుకున్నాయి. ఆ దడి కాలిపోయింది. కాలం సుమారు క్రీ.పూ. 3500.

ఈ పటాన్ని గీయించిన పురావస్తు శాస్త్రవేత్త ఫిలిప్ డిక్సన్. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పనిచేసినవాడు. 1969లో క్రిక్లీ తవ్వకం మొదలుపెట్టి 1993 దాకా ఏటా వేసవిలో సాగించాడు. తవ్వింది ఎక్కువగా స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు: విద్యార్థులు, సెలవు పెట్టుకొచ్చిన ఉద్యోగులు, పురావస్తువుల మీద మక్కువ తప్ప మరే అర్హతా లేనివాళ్ళు. మొదట అక్కడ ఉందనుకున్నది ఇనుప యుగపు కోట. దాని గోడల ఆనవాళ్ళు పైకే కనిపిస్తాయి. దాని అడుగున అంతకు వేల ఏళ్ళ ముందటి రైతుల ఊరు ఉందని తవ్వుతూ పోయాకే తేలింది.

వాలంటీర్లతో తవ్వించడాన్ని డబ్బు లేక చేసిన సర్దుబాటుగా చూసేవాళ్ళున్నారు. అందులో నిజం లేకపోలేదు. అయితే క్రిక్లీలాంటి చోటికి కావలసింది యంత్రం కాదు, చాలా చేతులు, చాలా ఏళ్ళు. రోడ్డు వేసే హడావిడిలో మూడు నెలల్లో ముగించే తవ్వకంలో పది ములుకులు దొరికితే పదింటినీ సంచిలో వేసుకుపోతారు. ఆ పదీ ఏమీ చెప్పవు. మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో మట్టి గీకుతూ, గుంజ పాతిన గుంటను పక్క మట్టి రంగునుంచి వేరుచేసి, దొరికిన ప్రతి రాతిముక్కకూ స్థానం కొలిచి రాసుకోవాలి. అది పాతిక వేసవుల పాటు జరగాలి. కొత్తగా వచ్చినవాడి చేతిలో ఎన్ని గుంజగుంటలు చెరిగిపోయి ఉంటాయో అనే అనుమానం రావడం సహజమే. దానికి విరుగుడు చేతినేర్పు ఒక్కటే కాదు, వచ్చినవాళ్ళలో కొందరు మళ్ళీ మళ్ళీ వచ్చి కొత్తవాళ్ళకు నేర్పడం.

ఆ మట్టి చెప్పిన కథలో ఎక్కువ భాగం యుద్ధం కాదు, ఊరు. బ్రిటన్‌లోకి వ్యవసాయం, పశువుల పెంపకం వచ్చింది సుమారు క్రీ.పూ. 4000 ప్రాంతంలో. కొన్ని శతాబ్దాల తర్వాత కొండల మీద, మైదానాల్లో విచిత్రమైన కట్టడాలు లేచాయి. చుట్టూ కందకం తవ్వుతారు, కానీ ఒక్క వరసలో తవ్వరు. ముక్కలు ముక్కలుగా తవ్వుతూ మధ్యలో దారుల్లా నేలను వదిలేస్తారు. శత్రువును ఆపడానికే అయితే అన్ని దారులు ఎందుకు వదులుతారు? అందుకే వీటిని సంతలనీ, విందుల చోట్లనీ, పశువులను కలిపే మందలనీ, చనిపోయినవారిని తలచుకునే స్థలాలనీ రకరకాలుగా అన్నారు. క్రిక్లీలో మొదటి దశ ఇలాంటిదే. కందకాలు తవ్వారు, పూడ్చారు, మళ్ళీ తవ్వారు. ఆ పూడ్చడం, తవ్వడం ఎన్నిసార్లు జరిగిందో చూస్తే అదే ఒక ఆచారమేమో అనిపిస్తుంది.

చివరి దశలో మనసు మారింది. ముక్కల కందకం పోయి లోతైన కందకం వచ్చింది. వెనక రాతికట్ట, దాని మీద దుంగల దడి, ఇరుకు ద్వారాలు. లోపలికి పోయే బాటకు ఇరువైపులా కంచె. సంతకు వచ్చేవాడిని ఆహ్వానించే కట్టడం కాదిది. దీన్ని కట్టినవాళ్ళకు ఎవరి మీదో భయం ఉంది, ఆ భయం వట్టిది కాదని బాణాలు చెబుతున్నాయి.

ఇది క్రిక్లీ ఒక్కదాని కథే అయితే వింతగా చెప్పుకుని వదిలేయొచ్చు. కార్న్‌వాల్‌లోని కార్న్ బ్రే కొండ మీద 1970ల మొదట్లో రోజర్ మెర్సర్ తవ్విన రాతిగోడల ఊరిలో ఏడు వందలకు పైగా ములుకులు దొరికాయి, మంటల జాడలతో సహా. డోర్సెట్‌లోని హాంబుల్డన్ హిల్‌లో ఆయనే 1974 నుంచి 1986 దాకా తవ్వాడు. అక్కడ బాణం తగిలి పడిన యువకుల అస్థికలు కందకంలోనే ఉన్నాయి. వెస్ట్ కెనెట్ రాతి సమాధిలో ఒక ముసలివాడి గొంతు దగ్గర ములికి దొరికింది. వేలాండ్స్ స్మిథీలో ఒకరి కటి ఎముకలో ములికి కొన విరిగి ఇరుక్కుని ఉంది.

ఎముకల సాక్ష్యాన్ని ఒకచోటికి చేర్చింది రిక్ షుల్టింగ్, మైఖేల్ వైసోకి. బ్రిటన్ తొలి రైతుల పుర్రెలు సుమారు 350 పరిశీలించి 2005లో వాళ్ళు ప్రచురించిన లెక్క ప్రకారం, దాదాపు 14 మందిలో ఒకరికి తలమీద దెబ్బ ఉంది. ఆ దెబ్బతోనే పోయినవాళ్ళు 50 మందిలో ఒకరు. అంటే దెబ్బ తిన్నవాళ్ళలో ఎక్కువమంది బతికారు, ఎముక అతుక్కుంది. నన్ను ఆపేది ఈ రెండో సంగతే. ఊరి మీద పడి కాల్చేయడం ఎప్పుడో ఒకసారి జరిగే పని. కర్రతో తల పగలడం, మానడం, ఆ మచ్చతో మరో ఇరవై ఏళ్ళు అదే మనుషుల మధ్య బతకడం రోజువారీ జీవితంలో భాగం. గట్టు తగాదాలు తెలిసిన మనకు దీన్ని ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

యూరప్ నడిబొడ్డున సాక్ష్యం ఇంతకంటే క్రూరం, కాలం కూడా అంతకు పదిహేను శతాబ్దాల ముందుది. జర్మనీలోని తాల్‌హైమ్‌లో 1983లో బయటపడిన గుంటలో 34 మంది ఉన్నారు. వారిలో 16 మంది పిల్లలు. చాలా పుర్రెల మీద గాయాల ఆకారం ఆ రైతులే చెక్కపనికి వాడిన రాతి బాడిస అంచుతో సరిపోయింది. దెబ్బలు ఎక్కువగా తల వెనక పడ్డాయి: పారిపోతుండగానో, వంగి ఉండగానో. కొట్టినవాళ్ళు ఎక్కడినుంచో దిగిన పరాయి జాతి కాదు. అదే పనిముట్టు, అదే పంట, అదే కుండలవాళ్ళు. 2006లో రోడ్డు పనుల్లో బయటపడిన షోనెక్-కిలియాన్‌స్టాటెన్ గుంటలో కనీసం 26 మంది ఉన్నారు. వారిలో చాలామంది మోకాలి కింది ఎముకలు విరిచి ఉన్నాయి. ఆస్ట్రియాలోని ఆస్పార్న్-ష్లెట్స్ కందకంలో పడినవారిలో యువతులు అరుదు. వాళ్ళను ఎత్తుకుపోయి ఉంటారని పరిశోధకుల ఊహ.

ఇక్కడ కొంచెం వెనక్కి తగ్గాలి. భారతదేశంలో పురావస్తు చరిత్ర చదివినవాళ్ళకు మొహెంజొదారో 'ఊచకోత' గుర్తుండే ఉంటుంది. వీధుల్లో పడి ఉన్న అస్థిపంజరాలను చూసి 1947లో మార్టిమర్ వీలర్ ఆర్యుల దాడి అన్నాడు. ఆ అస్థికలన్నీ ఒకే కాలానివి కావనీ, దాడికి ఆధారం లేదనీ 1964లో జార్జ్ డేల్స్ తేల్చాడు. కాలిన దడి విషయంలో మన సొంత ఉదాహరణే ఉంది. మహబూబ్‌నగర్ ప్రాంతపు ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వాడు. కొత్తరాతియుగపు పశుపాలకుల దుంగల దడి, లోపల పశువుల గిట్టల ముద్రలు, పొరలు పొరలుగా కాలిన పేడ బూడిద. ఆ మంటలు శత్రువులు పెట్టినవని ఆల్చిన్ అనలేదు. సంక్రాంతి వేళ పశువులను మంట దాటించే దక్షిణాది ఆచారాలను గుర్తుచేసుకుని, మందలోని పేడను పండుగకు తామే తగలబెట్టి ఉంటారన్నాడు. కాలిన దడి అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. తేడా చుట్టూ ఉన్న మట్టిలో ఉంది. ఉట్నూరు దడి చుట్టూ బాణాల వాన లేదు.

క్రిక్లీ పటం బలమంతా ఇందులోనే. మంట ఒక్కటే అయితే ప్రమాదం అనొచ్చు, ములుకులు మాత్రమే అయితే వేట అనొచ్చు. మంటా ములుకులూ ఒకేచోట, అదీ ద్వారాల దగ్గర కలిసినప్పుడు దాడి కాదనడానికి చాలా తెలివితేటలు కావాలి. ఎవరు దాడి చేశారన్నది మాత్రం ములికి చెప్పదు. దడికి లోపలివాళ్ళూ బయటివాళ్ళూ చెక్కింది అదే ఆకు ఆకారం.

ఆ మంట తర్వాత రైతులు ఆ కొండ మీద మళ్ళీ ఇళ్ళు కట్టలేదు. కానీ కొండను వదిలేయలేదు. బూడిద మీద, పాత ఊరి నేల మీదుగా పొడవాటి సన్నని మట్టిగట్టు పోసి, దాని ఒక కొసన రాళ్ళతో గుండ్రని వేదిక పేర్చారు.