బీమా ఉద్యోగాల్లో డిగ్రీ: జీతం, పదోన్నతి

భారతదేశంలో బీమా ఒకే వృత్తి కాదు. పాలసీ అమ్మే ఏజెంటు, శాఖలో కూర్చునే అసిస్టెంటు, నష్టం లెక్కగట్టే సర్వేయరు, ప్రీమియం రేట్లు కట్టే యాక్చువరీ, వీరంతా ఒకే రంగంలో ఉన్నా వీరి జీతభత్యాల లెక్కలు వేరువేరు. అందుకే డిగ్రీ ఉంటే జీతం పెరుగుతుందా అనే ప్రశ్నకు ఒకే జవాబు కుదరదు. స్థూలంగా చూస్తే అమ్మకం పనిలో డిగ్రీకి విలువ దాదాపు లేదు. కార్యాలయ ఉద్యోగంలో అది ప్రవేశపత్రం. లోపలికి వెళ్లాక పైమెట్టు ఎక్కించేవి ఎక్కువగా బీమా పరీక్షలు, పనితీరు, సర్వీసు.

పూర్వరంగం

తెలుగునాట ఈ రంగానికి పునాది వేసినవారిలో ముఖ్యుడైన భోగరాజు పట్టాభి సీతారామయ్య వైద్య పట్టభద్రుడు. మచిలీపట్నంలో ప్రాక్టీసు చేసిన ఈయన 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. ఈయనే పెట్టిన ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ స్థాపన సంవత్సరంగా సాధారణంగా 1925ను చెబుతారు. ఆనాటి కంపెనీల్లో ఉద్యోగుల చదువుకు ఒకే కొలమానం ఉన్నట్టు కనిపించదు. కలం, లెక్క తెలిసి, నమ్మకస్తుడని పేరున్నవాడికి చోటు దొరికేదని అనుకోవచ్చు.

1956 సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడింది. అందులో విలీనమైన సంస్థలు 243 అని కొన్ని రచనల్లో ఉంది. 154 భారతీయ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు అనే విడివిడి లెక్క కూడితే 245 వస్తుంది కనుక ఈ అంకెనే తీసుకోవడం మేలు. ఇన్ని సంస్థల నుంచి వచ్చిన రకరకాల చదువుల వారిని ఒకే వేతన చట్రంలోకి తేవాల్సి వచ్చింది. 1951లో ఏర్పడిన అఖిల భారత బీమా ఉద్యోగుల సంఘం వంటివి బలపడిన కొద్దీ బేరం తరగతి వారీ స్కేళ్ల మీద నడిచింది. వ్యక్తి చదువు మీద కాక పోస్టు మీద జీతం నిలవడానికి ఇది ప్రధాన కారణమని చెప్పవచ్చు. సాధారణ బీమా 1973 జనవరి 1 నుంచి జాతీయమై, 107 కంపెనీలు నాలుగు సంస్థల కిందికి వచ్చినప్పుడూ దాదాపు ఇదే జరిగింది.

ఏజెంటు

2000 సంవత్సరపు లైసెన్సు నిబంధనల్లో ఒక విచిత్రమైన గీత ఉండేది. గత జనగణన ప్రకారం 5,000 లేదా అంతకు మించిన జనాభా ఉన్న చోట నివసించేవారు పన్నెండో తరగతి, అంతకన్నా చిన్న ఊరివారు పదో తరగతి పాసై ఉండాలి. దీని ప్రకారం గాజియాబాద్‌లోని వైశాలి వంటి పట్టణ కాలనీ వాసికి ఒక అర్హత, పల్లెలో ఉన్న అతని తమ్ముడికి మరొకటి. అమ్మే పాలసీ మాత్రం ఇద్దరిదీ ఒకటే. తర్వాతి సవరణల్లో ఈ తేడా పోయి అందరికీ పదో తరగతి చాలింది. దానితో పాటు శిక్షణ, నియామక పరీక్ష ఉంటాయి. పరీక్ష పాఠ్యపుస్తకం తెలుగులోనూ దొరుకుతుంది.

ఆదాయం పూర్తిగా కమీషనే. చాలాకాలం అమల్లో ఉన్న బీమా చట్టం 40ఏ సెక్షన్ మొదటి ఏడాది ప్రీమియంలో 35 శాతం, రెండు, మూడో ఏళ్లలో 7.5 శాతం, ఆపై 5 శాతం మించకూడదని చెప్పేది. ఏటా 20,000 రూపాయల ప్రీమియం కట్టే పాలసీ మీద ఏజెంటుకు గరిష్ఠంగా మొదటి ఏడాది 7,000, తర్వాతి రెండేళ్లు 1,500 చొప్పున, ఆపై ఏటా 1,000 రూపాయలు వచ్చే వీలుండేది. ఆ తర్వాత పరిమితుల తీరు మారింది. 2023 నిబంధనలు రేట్ల నిర్ణయాన్ని చాలావరకు కంపెనీల బోర్డులకే వదిలాయి. పాత లెక్కలోనూ కొత్త లెక్కలోనూ చదువుకు గడి లేదు. జీవిత బీమా సంస్థలో బ్రాంచి మేనేజర్ క్లబ్బు నుంచి చైర్మన్ క్లబ్బు దాకా గుర్తింపు చేసిన వ్యాపారం మీద, పాలసీలు నిలబడటం మీద ఆధారపడుతుంది. ఏజెంటు చనిపోతే షరతులకు లోబడి కమీషన్ వారసులకు అందుతుంది. డిగ్రీకి ఆ సౌకర్యం లేదు.

డెవలప్‌మెంట్ ఆఫీసర్

చదువు అసలు అడ్డుగోడగా మారేది ఇక్కడే. ఏజెంట్లను చేర్చుకుని వ్యాపారం చేయించే ఈ పోస్టుకు జీవిత బీమా సంస్థ నుంచి 2023లో 9,394 ఖాళీలతో అప్రెంటిస్ నోటిఫికేషన్ వచ్చింది. అడిగిన అర్హత డిగ్రీ, లేదా ముంబయిలోని భారత బీమా ఇన్‌స్టిట్యూట్ ఫెలోషిప్. మూలవేతనం 35,650 రూపాయలు. విశ్వవిద్యాలయ పట్టాకు వృత్తి పరీక్షను సమానంగా నిలబెట్టడం ప్రభుత్వ రంగంలో అరుదే. దీని గురించి తెలిసినవారు తక్కువ, వాడుకున్నవారు ఇంకా తక్కువ కావచ్చు.

పోస్టులో చేరాక మాత్రం లెక్క మళ్లీ వ్యాపారం మీదికి పోతుంది. సర్వీసు నియమాల ప్రకారం ఆఫీసరు మీద సంస్థ పెట్టే ఖర్చు, ఆయన తెచ్చిన ప్రీమియంలో నిర్ణీత నిష్పత్తి దాటకూడదు. దాటితే ఇంక్రిమెంట్లకు కోత పడుతుంది. ఎంఏ చదివినా ఇందులో మినహాయింపు లేదు.

2024 డిసెంబరు 9న పానిపట్‌లో ప్రారంభించిన బీమా సఖి అనే మహిళా ఏజెంట్ల పథకంలో, ఏజెంటుకు పదో తరగతి, ఆఫీసరుకు డిగ్రీ అనే ఈ రెండంచెల తీరు బాగా కనిపిస్తుంది. 18 నుంచి 70 ఏళ్ల మహిళలు పదో తరగతితోనే చేరవచ్చు. మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడు 6,000, మూడో ఏడు 5,000 రూపాయల భృతి, దానికి తోడు కమీషన్. అయితే డెవలప్‌మెంట్ ఆఫీసరు పోస్టుకు పరిశీలించేది వారిలో పట్టభద్రులనే అని పథకం ప్రకటనలోనే ఉంది.

కార్యాలయ ఉద్యోగులు

జీవిత బీమా సంస్థలో నేరుగా చేరే అసిస్టెంటు, సహాయ పరిపాలనాధికారి పోస్టులు రెండింటికీ ఇటీవలి నోటిఫికేషన్లలో ఏదైనా డిగ్రీ చాలు. అంటే ఒకే డిగ్రీతో ఇద్దరు రెండు వేర్వేరు మెట్ల మీద మొదలవుతారు. తేడా తెచ్చేది పోటీ పరీక్ష. సహాయ పరిపాలనాధికారి మూలవేతనం 2023 ప్రకటనలో 53,600 రూపాయలు, 2025 ప్రకటనలో 88,635. ఈ పెరుగుదలను చదువుకు అంటగట్టకూడదు. 2022 ఆగస్టు 1 నుంచి వర్తించేలా 2024 మార్చిలో వచ్చిన 17 శాతం వేతన సవరణ, కరువు భత్యం మూలవేతనంలో కలవడం దీనికి కారణాలు. చార్టర్డ్ అకౌంటెంట్లు, న్యాయ పట్టభద్రులకు స్పెషలిస్టు పోస్టులు వేరుగా ఉంటాయి.

కింది మెట్టులో చేరినవారి పదోన్నతికి సర్వీసు, విద్యార్హత, పని నివేదికలు, ఇంటర్వ్యూ కలిపి చూసే పద్ధతి ఉంది. విద్యార్హతలో భారత బీమా ఇన్‌స్టిట్యూట్ లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలో పరీక్షలకు గుర్తింపు ఉంది. వీటికి ఆర్థిక ప్రోత్సాహం కూడా వివిధ ఒప్పందాల్లో ఉంటూ వచ్చింది. డిగ్రీ తర్వాత ఖర్చు పెట్టి ఎంబీఏ చేయడం కన్నా, ఉద్యోగంలో ఉన్నవారికి ఈ పరీక్షలే అక్కరకు వస్తాయని చెప్పడం సబబు.

అయితే శిఖరం సంగతి వేరు. జీవిత బీమా సంస్థ చైర్మన్‌గా పనిచేసిన ఎం.ఆర్. కుమార్ 1983లో, సిద్ధార్థ మొహంతి 1985లో నేరుగా ఆఫీసర్లుగా చేరినవారు. పై కుర్చీలకు వెళ్లాలంటే చిన్న వయసులో ఆఫీసరుగా చేరి ఉండాలి. డిగ్రీ పరోక్షంగా ఇచ్చే అతిపెద్ద లాభం బహుశా ఇదే: అది జీతం పెంచదు, సర్వీసు గడియారాన్ని పై మెట్టు నుంచి మొదలుపెడుతుంది.

సాంకేతిక వృత్తులు

యాక్చువరీ దారి దీనికి భిన్నం. ప్రవేశ పరీక్షకు పన్నెండో తరగతి చాలు. ప్రస్తుత పాఠ్యక్రమంలో ఫెలోషిప్‌కు 13 పేపర్లు. డిగ్రీ లేకున్నా వాటిని దాటినవారికి మంచి జీతాలు ఉన్నాయి, పట్టా ఉండి ఆ పేపర్ల దగ్గర ఆగిపోయినవారూ ఉన్నారు. సర్వేయర్ల విషయంలో ఇంజనీరింగ్, అకౌంటెన్సీ వంటి అర్హతలు లైసెన్సుకే ముడిపడి ఉన్నాయి. వారి వృత్తి సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది.

ప్రైవేటు కంపెనీలు, దేశ రాజధాని ప్రాంతం

ప్రైవేటు కంపెనీల్లో బహిరంగ స్కేళ్లు ఉండవు కనుక డిగ్రీ విలువను అంకెల్లో కట్టడం కష్టం. సేల్స్ మేనేజరు ప్రకటనల్లో డిగ్రీ అడగడం మామూలే, కానీ అనుభవం ఉంటే సర్దుకుపోవడమూ కద్దు. క్యాంపస్ నియామకాల్లో మాత్రం కోర్సుకు బరువుంది. బీమాలో ప్రత్యేక మేనేజ్‌మెంట్ కోర్సు నడిపే బిమ్‌టెక్ గ్రేటర్ నోయిడాలో ఉంది. తెలుగువారికి ఇలాంటిది ఇంటి దగ్గర కావాలంటే 2002లో బీమా నియంత్రణ సంస్థ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి హైదరాబాదులో పెట్టిన బీమా, రిస్కు నిర్వహణ సంస్థ ఉంది.

జీతాన్ని మార్చేది చదువొక్కటే కాదు, పనిచేసే ఊరు కూడా. గాజియాబాద్‌లోని వైశాలికి 2011 జులై 14న మెట్రో వచ్చాక అక్కడివారికి ఢిల్లీలోని ఓరియంటల్ ఇన్సూరెన్స్ ప్రధాన కార్యాలయం వంటివి రోజూ వెళ్లిరాగల దూరమయ్యాయి. ప్రభుత్వ సంస్థలో పనిచేసే ఊరిని బట్టి ఇంటి అద్దె భత్యం మారుతుంది. ఒకే మెట్టు మీద ఉన్న ఇద్దరి జీతాల్లో తేడా కనబడితే, వారి పట్టాలకన్నా ముందు వారి పోస్టింగు చూడాలి.