వెబ్ అప్లికేషన్లలో రిసోర్స్ సృష్టి

వెబ్ అప్లికేషన్‌లో సొంత చిరునామా, అంటే యూఆర్‌ఎల్, ఉన్న ఏ అంశాన్నైనా రిసోర్స్ అంటారు: ఒక ఆర్డరు, ఒక ఫోటో, ఒక వాడుకరి ఖాతా. ఈ ఆలోచనకు కేంద్రస్థానం ఇచ్చిన ‘రెస్ట్’ నిర్మాణశైలిని రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథంలో వివరించాడు.

బ్రౌజరు, సర్వరు మాట్లాడుకునే నియమావళి హెచ్‌టీటీపీలో కొత్త రిసోర్స్ సృష్టికి ప్రధానంగా రెండు రకాల అభ్యర్థనలున్నాయి. చిరునామాను సర్వరే నిర్ణయించాలంటే పోస్ట్; పంపేవారికే ముందుగా తెలిస్తే పుట్. ‘ఆర్డర్స్’ అనే చిరునామాకు పోస్ట్ అందిందనుకుందాం. సర్వర్ వివరాలు సరిచూసి, డేటాబేసులో ఒక వరుస చేర్చి, దానికి 57 అనే సంఖ్య కేటాయిస్తుంది. జవాబులో ‘సృష్టి జరిగింది’ అని చెప్పే 201 కోడ్, లొకేషన్ హెడర్‌లో ‘ఆర్డర్స్/57’ అనే కొత్త చిరునామా వస్తాయి. చాలా అప్లికేషన్లు ‘సరే’ అని మాత్రమే చెప్పే 200తోనే సరిపెట్టేస్తాయి. పని జరిగిపోతుంది గానీ అది బద్ధకమే. వివరాల్లో తప్పుంటే 400 లేదా 422 అనే లోపం కోడ్ వస్తుంది.

అసలు చిక్కు మధ్యలో నెట్ తెగినప్పుడు. పుట్‌ను ఎన్నిసార్లు పంపినా ఒకసారి పంపినట్టే. పోస్ట్‌కు ఆ హామీ లేదు; జవాబు రాలేదని బటన్ మళ్లీ నొక్కితే రెండో ఆర్డరు పడొచ్చు. అందుకే స్ట్రైప్ వంటి చెల్లింపు సేవలు అభ్యర్థనతో పాటు ఐడెంపొటెన్సీ కీ పంపే వీలు కల్పించాయి. అదే కీ మళ్లీ వస్తే సర్వర్ కొత్తది సృష్టించదు, పాత జవాబే తిరిగి ఇస్తుంది. మామూలు వెబ్ ఫారాల్లోనైతే పోస్ట్ తర్వాత 303 కోడ్‌తో వేరే పేజీకి మళ్లిస్తారు. అప్పుడు రిఫ్రెష్ చేసినా ఫారం మళ్లీ వెళ్లదు.

పోస్ట్, పుట్‌ల ప్రస్తుత నిర్వచనాలు 2022 జూన్‌లో వెలువడిన హెచ్‌టీటీపీ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 9110లో ఉన్నాయి.