గుండెలో చిల్లు: జమ ఎవరి ఖాతాలో?

వెయ్యి మంది పిల్లలు పుడితే సుమారు ఎనిమిది మందికి గుండెలో ఏదో ఒక పుట్టు లోపం ఉంటుంది. వాటిలో ఎక్కువగా కనిపించేది కింది గదుల మధ్య గోడలో చిల్లు, డాక్టర్ల భాషలో వి.ఎస్.డి. పై గదుల మధ్య అయితే ఎ.ఎస్.డి. మనవాళ్ళలో చాలామందికి మాత్రం ఇది తల్లి గ్రహణం చూసిన దోషం, లేదా ఏ జన్మలోదో పాపం. పాపం ఎవరిదో, శిక్ష చంటిపిల్లకి! డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా పద్దులు చూసిన నాకు ఇలాంటి సర్దుబాటు ఎంట్రీ ఎక్కడా తగల్లేదు.

అసలు పద్దు చూద్దాం. 1952 సెప్టెంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ లూయిస్ అయిదేళ్ళ పాప ఒంటిని చల్లబరిచి, రక్తప్రవాహం ఆపి, అయిదు నిమిషాల చిల్లరలో ఎ.ఎస్.డి. కుట్టేశాడు. 1953 మేలో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషీన్ సాయంతో పద్దెనిమిదేళ్ళ అమ్మాయికి అదే పని చేశాడు. ఆ తర్వాతి రోగులు బతకలేదు. ఆయన ఆ ఆపరేషన్లు మానేశాడు.

కింది గదుల చిల్లుకి అయిదు నిమిషాలు చాలవు. 1954 మార్చి 26న అదే మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై తండ్రిని పక్క బల్ల మీద పడుకోబెట్టి, బిడ్డ రక్తాన్ని ఆయన ఒంట్లోకి పంపి, ఆయన ఊపిరితిత్తుల్లో శుద్ధి అయ్యాక మళ్ళీ బిడ్డకి ఎక్కించాడు. చిల్లు మూసుకుంది గానీ బాబు పదకొండో రోజున న్యుమోనియాతో పోయాడు. లిల్లెహై ఆగలేదు. ఈ పద్ధతిలో మొత్తం 45 మందికి చేస్తే 28 మంది ఇంటికెళ్ళారు. ఆసరాగా పడుకున్న ఒక తల్లికి మెదడు దెబ్బతింది. ఇవన్నీ వాళ్ళే రాసిపెట్టిన లెక్కలు. మహిమల వాళ్ళ పుస్తకంలో జమ తప్ప ఖర్చు పేజీ ఎప్పుడైనా చూశారా? 1955లో రిచర్డ్ డివాల్ తయారుచేసిన బుడగల ఆక్సిజనేటర్ వచ్చాక తండ్రినీ తల్లినీ బల్ల ఎక్కించే అవసరం పోయింది.

ఇక్కడో చిక్కుంది. చిన్న వి.ఎస్.డి.లు చాలావరకు మొదటి కొన్నేళ్ళలో వాటంతటవే మూసుకుపోతాయి. అంత ఇబ్బంది పెట్టని ఈ చిన్న చిల్లుల గురించి ఫ్రాన్సులో హెన్రీ రోజర్ 1879లోనే రాశాడు. మా ఆఫీసులో ఒకాయన మనవడికి అలాగే మూసుకుంది. జమ మాత్రం మొలతాడుకి కట్టిన తాయెత్తుకి పడింది! ఆ తాయెత్తునే ఆయన పెద్ద చిల్లున్న ఇంకో పిల్లకి సిఫారసు చేశాడు. నా భయం అక్కడే.

పెద్ద చిల్లులోంచి ఎడమవైపు రక్తం ఎక్కువ ఒత్తిడితో కుడివైపుకీ, ఊపిరితిత్తులకీ పోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అక్కడి నాళాలు గట్టిపడి ప్రవాహం తిరగబడుతుంది, మనిషి నీలంగా మారతాడు. 1897లో విక్టర్ ఐసెన్‌మెంగర్ వర్ణించింది ఈ స్థితినే. అప్పుడు చిల్లు మూస్తే ప్రాణానికే ముప్పు. తాయెత్తు కట్టి ఎదురుచూసిన ఏళ్ళని వెనక్కి తెచ్చే ఆపరేషన్ లేదు.

ఎ.ఎస్.డి.లు కొన్నిటికి ఇప్పుడు ఛాతీ కోయక్కర్లేదు. 1975లో కింగ్, మిల్స్ తొడ నాళం గుండా గొడుగు లాంటి మూత పంపారు. కర్ట్ ఆంప్లాట్జ్ రూపొందించిన నిటినాల్ తీగల మూతకి అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. మన రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో పేదింటి పిల్లల గుండె ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ పద్దులోకి చేరింది. దానికి కావలసింది సకాలంలో తీయించిన ఒక ఎకో రిపోర్టు.