బొగత జలపాతం: సొంతంగా వెళ్లే పర్యాటకులకు ప్రయాణ మార్గదర్శిని

గోదావరి ఆవలి ఒడ్డున, దట్టమైన అడవుల నడుమ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు చేరువలో నెలకొన్న బొగత జలపాతం తెలంగాణలోని ప్రకృతి రమణీయ ప్రదేశాలలో ముఖ్యమైనది. ములుగు జిల్లా వాజేడు మండలంలోని చీకుపల్లి గ్రామ సమీపాన, చీకుపల్లి వాగుపై ఈ జలపాతం ఉన్నది. సుమారు 30 అడుగుల ఎత్తు నుంచి విశాలమైన బండలపై పాయలు పాయలుగా దూకే ఈ జలధారను ప్రజలు 'తెలంగాణ నయాగరా' అని మురిపెంగా పిలుచుకుంటారు.

సొంత కారు గాని, పర్యాటక సంస్థల ప్యాకేజీ గాని లేకుండా బస్సులు, రైళ్లు, ఆటోలపై ఆధారపడి బయలుదేరే సామాన్య పర్యాటకునికి కూడా బొగత అందుబాటులోనే ఉన్నది. అయితే ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించవలసి ఉన్నది. జలపాతం నిండుగా ప్రవహించే కాలమే ఈ ప్రాంతంలో వాగులు పొంగి దారులు తెగే కాలం. కనుక ఎలా చేరుకోవాలన్న దానికంటే ఎలా తిరిగి రావాలన్నది ముందుగా ఆలోచించి ప్రయాణం నిర్ణయించుకొనడం అవసరం.

వంతెనతో మారిన దారి

ఒకప్పుడు బొగత పేరు సమీప మండలాల వారికి తప్ప ఇతరులకు అంతగా తెలియదు. గోదావరి అడ్డుగా ఉండడమే అందుకు ప్రధాన కారణం. హైదరాబాద్, వరంగల్ వైపు నుంచి వచ్చేవారు ఏటూరునాగారం వరకు చేరుకున్నా, నది దాటడానికి పడవలే శరణ్యం. రోడ్డు మార్గాన రాదలచినవారు భద్రాచలం మీదుగా చుట్టి రావలసి వచ్చేది.

ఏటూరునాగారం సమీపాన ముళ్లకట్ట వద్ద గోదావరిపై నిర్మించిన వంతెన 2016లో ప్రారంభం కావడంతో ఈ పరిస్థితి పూర్తిగా మారింది. హైదరాబాద్ నుంచి దూరం వంద కిలోమీటర్లకు పైగా తగ్గింది. హైదరాబాద్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 202వ నంబరు) ఈ వంతెన మీదుగానే వాజేడు మండలంలోకి ప్రవేశిస్తుంది.

పాత పటాలు, పాత మార్గదర్శక పుస్తకాలు చూసేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. వాజేడు, వెంకటాపురం మండలాలు 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలో ఉండేవి. జిల్లాల పునర్వ్యవస్థీకరణలో అవి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరగా, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడినప్పుడు అందులో భాగమయ్యాయి. అందువల్ల బొగతను ఖమ్మం జిల్లాలో చూపించే పాత సమాచారం భద్రాచలం దారిని మాత్రమే సూచిస్తుంది.

హైదరాబాద్, వరంగల్ మార్గం

అత్యధిక పర్యాటకులకు అనువైనది ఈ మార్గమే. దీనిని మూడు అంచెలుగా భావించవచ్చు.

మొదటి అంచె హైదరాబాద్ నుంచి హనుమకొండ వరకు, సుమారు 150 కి.మీ. మహాత్మా గాంధీ బస్ స్టేషన్ నుంచి, ఉప్పల్ కూడలి నుంచి తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ బస్సులు రోజంతా నడుస్తాయి. మూడు నుంచి మూడున్నర గంటల ప్రయాణం. రైలులో వచ్చేవారు సికింద్రాబాద్ నుంచి కాజీపేట గాని, వరంగల్ గాని చేరవచ్చు. విజయవాడ వైపు నుంచి వచ్చేవారికి వరంగల్ స్టేషన్ అనుకూలం. కాజీపేట నుంచి హనుమకొండ బస్ స్టేషన్‌కు సిటీ బస్సులు, ఆటోలు లభిస్తాయి. విమానంలో వచ్చేవారు శంషాబాద్‌లో దిగి ఇదే మార్గాన రావలసి ఉంటుంది.

రెండవ అంచె హనుమకొండ నుంచి ఏటూరునాగారం వరకు, వంద కిలోమీటర్లకు కొంచెం పైన. ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా బస్సులు నడుస్తాయి. ములుగు వరకు సుమారు 50 కి.మీ. పొలాలు, చెరువుల నడుమ సాగే దారి. పస్రా దాటిన తరువాత ఏటూరునాగారం అభయారణ్యం మొదలవుతుంది. ఈ అంచెకు రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది.

మూడవ అంచె ఏటూరునాగారం నుంచి జలపాతం వరకు, 20 నుంచి 25 కి.మీ. దూరంలో చిన్నదైనా జాగ్రత్త ఎక్కువగా అవసరమైనది ఇదే. గోదావరి వంతెన దాటి వాజేడు, వెంకటాపురం వైపు వెళ్లే బస్సులు ఉన్నప్పటికీ అవి హనుమకొండ మార్గంలో వలె వెంటవెంటనే దొరకవు. వాజేడు వైపు వెళ్లే బస్సు ఎక్కి చీకుపల్లి వద్ద దిగి, మిగిలిన కొద్ది దూరం ఆటోలో గాని, కాలినడకన గాని వెళ్లవచ్చు. నలుగురైదుగురు కలిసి వచ్చినట్లయితే ఏటూరునాగారంలో ఆటో మాట్లాడుకొనడం మేలు. అలా మాట్లాడుకొనేటప్పుడు రానుపోను కిరాయి, అక్కడ వేచి ఉండే సమయం ముందే తేల్చుకోవాలి. ఒకవైపుకు మాత్రమే మాట్లాడుకున్నవారికి సాయంత్రం వేళ జలపాతం వద్ద తిరుగు వాహనం దొరకడం కష్టం.

బస్సు పేర్ల విషయంలో మెలకువ

కొత్తవారు తరచుగా పొరబడే అవకాశం ఉన్న విషయమొకటి ఉన్నది. ములుగు జిల్లాలో దాదాపు ఒకే పేరుతో రెండు మండల కేంద్రాలు ఉన్నాయి. ఒకటి రామప్ప ఆలయం ఉన్న వెంకటాపూర్. ఇది గోదావరికి ఈవల, ములుగుకు చేరువలో ఉన్నది. రెండవది గోదావరికి ఆవల ఉన్న వెంకటాపురం. దీనిని నూగూరు వెంకటాపురం అని కూడా వ్యవహరిస్తారు. బొగతకు వెళ్లేవారికి కావలసినది రెండవ దిశ. బోర్డు చూసి తొందరపడి ఎక్కకుండా 'ముళ్లకట్ట వంతెన దాటి వాజేడు వైపు వెళుతుందా?' అని కండక్టరును అడిగి ఎక్కడం ఉత్తమం.

భద్రాచలం మార్గం

ఖమ్మం, కొత్తగూడెం, ఉభయ గోదావరి జిల్లాల వైపు నుంచి వచ్చేవారికి భద్రాచలం మార్గం దగ్గర. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం మీదుగా వాజేడు వైపు గోదావరి ఎడమ గట్టు వెంబడి ఈ దారి సాగుతుంది. బొగతకు సుమారు 120 కి.మీ. దూరం. రైలులో వచ్చేవారు భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగాలి. పేరు భద్రాచలం రోడ్ అయినా ఈ స్టేషన్ కొత్తగూడెం పట్టణంలో ఉన్నది. అక్కడి నుంచి భద్రాచలం పట్టణానికి బస్సులో సుమారు 40 కి.మీ. వెళ్లవలసి ఉంటుంది.

మరొక ప్రత్యామ్నాయం మణుగూరు. సికింద్రాబాద్ నుంచి రాత్రి రైలులో బయలుదేరి ఉదయం మణుగూరులో దిగి, మంగపేట మీదుగా రోడ్డు మార్గాన ఏటూరునాగారం చేరవచ్చు. రాత్రి ప్రయాణంలో ఒక పగలు కలిసివస్తుంది.

భద్రాచలం మార్గంలో వచ్చి వరంగల్ మార్గంలో తిరిగి వెళ్లడం కూడా సాధ్యమే. ఇలా చేసినట్లయితే భద్రాద్రి రాముని దర్శనం, బొగత, మేడారం, రామప్ప ఒకే ప్రయాణంలో కలిసివస్తాయి.

సొంత వాహనం, అద్దె వాహనం

ద్విచక్ర వాహనాలపై వచ్చే యువకుల సంఖ్య వర్షాకాలపు సెలవు దినాలలో అధికంగా ఉంటుంది. వరంగల్ నుంచి రహదారి బాగానే ఉన్నప్పటికీ పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం మధ్య అటవీ ప్రాంతంలో మలుపులు, పశువులు, అడ్డువచ్చే వన్యప్రాణులు ఉంటాయి. చీకటి పడక ముందే ఈ భాగం దాటాలి. ఏటూరునాగారంలో ఇంధనం నింపుకొని వంతెన దాటడం మంచిది. ఆవలి ఒడ్డున మొబైల్ సంకేతాలు అన్నిచోట్లా అందవు. కాబట్టి దారి వివరాలు, ఆటో డ్రైవరు ఫోను నంబరు ముందుగానే కాగితంపై రాసి ఉంచుకోవాలి.

అద్దె కార్లు హనుమకొండ, వరంగల్‌లలో లభిస్తాయి. కుటుంబంతో, వృద్ధులతో వచ్చేవారికి హనుమకొండ నుంచి కారు తీసుకొనడం శ్రమ తగ్గిస్తుంది.

మహిళలకు ఉచిత ప్రయాణం

తెలంగాణ రాష్ట్రంలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం అమలులో ఉన్నది. దీని కింద రాష్ట్ర నివాసులైన మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్ర పరిధిలో ఉచితంగా ప్రయాణించవచ్చు. నివాస ధ్రువీకరణకు గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి. సూపర్ లగ్జరీ వంటి ఉన్నత శ్రేణి బస్సులకు ఈ సౌకర్యం వర్తించదు.

ఏ కాలంలో వెళ్లాలి

జులై నుంచి అక్టోబరు వరకు జలపాతం మహోధృతంగా ఉంటుంది. వర్షాలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు చివరి వారం నుంచి నవంబరు వరకు నీరు, దారి రెండూ అనుకూలంగా ఉండే కాలం. వేసవిలో ధార సన్నబడుతుంది. బస్సులపై ఆధారపడే పర్యాటకునికి అక్టోబరు, నవంబరు నెలలే శ్రేష్ఠం.

వర్షాకాలపు ప్రమాదం ఊహాజనితమైనది కాదు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71 అడుగులు దాటింది. అక్కడ మూడవ ప్రమాద హెచ్చరిక స్థాయి 53 అడుగులు మాత్రమే. నదిపై వంతెన మీదుగా రాకపోకలు నిలిపివేశారు. దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు వైపు దారి నీట మునిగింది.

ఆ మరుసటి సంవత్సరం 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో దాదాపు 650 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. జంపన్న వాగు పొంగి ఏటూరునాగారం మండలంలోని కొండాయి గ్రామాన్ని ముంచెత్తగా పలువురు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజులలో వెంకటాపురం మండలం వీరభద్రవరం సమీపాన ముత్యాలధార జలపాతం చూడబోయిన సుమారు 80 మంది పర్యాటకులు, తిరుగుదారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు స్పందన దళం, పోలీసులు రాత్రివేళ వారిని సురక్షితంగా బయటకు తీసుకువచ్చారు. వారు వెళ్లేటప్పుడు దాటిన వాగే వచ్చేటప్పుడు దాటరానిదైంది. అప్పట్లో బొగత సందర్శనను కూడా నిలిపివేశారు.

ఈ వాగుల స్వభావం తెలుసుకొనడం అవసరం. వీటిలో పలు వాగులు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు కొండలలో పుట్టి గోదావరిలో కలుస్తాయి. జలపాతం వద్ద ఎండ కాస్తున్నా ఎగువ కొండలలో వాన కురిస్తే స్వల్ప వ్యవధిలోనే ప్రవాహం పెరుగుతుంది. మరొకవైపు గోదావరి నిండుగా ఉన్నప్పుడు వాగుల నీరు నదిలో కలవక వెనుకకు ఎగదన్ని రహదారులపైకి వస్తుంది. వాజేడు మండలం టేకులగూడెం వద్ద జాతీయ రహదారి మునిగి ఛత్తీస్‌గఢ్‌కు రాకపోకలు నిలిచిపోవడం ఇందువల్లనే.

జలపాతం వద్ద

జలపాతం నిర్వహణ అటవీ శాఖ ఆధీనంలో ఉన్నది. ప్రవేశ రుసుము, వాహనాల నిలుపుదల రుసుము వసూలు చేస్తారు. పగటి వేళ మాత్రమే అనుమతిస్తారు. ధార కింది మడుగు లోతైనది. బండలు నాచు పట్టి జారుతాయి. గతంలో ఇక్కడ మునిగి మరణించినవారు ఉన్నందున మడుగులోకి దిగడం నిషిద్ధం. హెచ్చరిక బోర్డులను, కంచెను, సిబ్బంది సూచనలను విధిగా పాటించాలి. ప్లాస్టిక్ సంచులు, సీసాలు అడవిలో పారవేయరాదు.

బస, ప్రయాణ క్రమం

హైదరాబాద్ నుంచి బస్సులో బయలుదేరి అదే రోజు తిరిగి చేరాలనుకొనడం సమంజసం కాదు. ఒకవైపు ప్రయాణానికే ఆరేడు గంటలు పడుతుంది. ముందు రోజు సాయంత్రానికి హనుమకొండ చేరి అక్కడ బస చేయడం, తెల్లవారుజామున ఏటూరునాగారం బస్సు ఎక్కడం మంచి పద్ధతి. అలా చేస్తే ఉదయం పది, పదకొండు గంటల మధ్య జలపాతం చేరవచ్చు. మధ్యాహ్నం మూడు గంటల లోపు అక్కడి నుంచి బయలుదేరితే వెలుతురు ఉండగానే అటవీ మార్గం దాటవచ్చు. తాడ్వాయిలో, లక్నవరంలో కూడా బస సౌకర్యం ఉన్నది. అయితే ముందుగా గది ఖాయపరచుకోవాలి.

ఒక రోజు అదనంగా కేటాయించగలిగితే 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన రామప్ప ఆలయాన్ని, లక్నవరం చెరువును తిరుగు ప్రయాణంలో దర్శించవచ్చు. రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రోజులలో మాత్రం ఈ రహదారిపై రద్దీ అపారంగా ఉండి, వాహనాలను దారి మళ్లిస్తారు. బొగతకు మాత్రమే రాదలచినవారు ఆ రోజులు తప్పించడం మేలు.

బయలుదేరే ముందు

వర్షాకాలంలో ప్రయాణమయ్యేవారు ముందు రోజు నాలుగు విషయాలు విచారించుకోవాలి. వాతావరణ శాఖ ములుగు జిల్లాకు హెచ్చరిక ఏదైనా జారీ చేసిందా, అటవీ శాఖ సందర్శనకు అనుమతిస్తున్నదా, గోదావరి నీటిమట్టం ఎంత ఉన్నది, ఏటూరునాగారం నుంచి తిరుగు బస్సు చివరిది ఎన్ని గంటలకు. హనుమకొండ బస్ స్టేషన్ విచారణ కేంద్రంలో బస్సుల వేళలు తెలుసుకోవచ్చు. ఈ వేళలు కాలానుగుణంగా మారుతుంటాయి. అత్యవసర పరిస్థితులలో 112 నంబరుకు, వైద్య సహాయానికి 108 నంబరుకు ఫోను చేయాలి. సమీప ప్రభుత్వ ఆసుపత్రి ఏటూరునాగారంలో ఉన్నది.

వాగు రోడ్డు మీద పారుతున్నట్లయితే, ఎంత లోతు తక్కువగా కనిపించినా దాటే ప్రయత్నం చేయరాదు. ముందు వెళ్లిన వాహనం దాటిందన్న ధైర్యంతో వెనుక వాహనం దిగరాదు. నీరు తగ్గే వరకు ఆగడం, లేదా సమీప గ్రామానికి తిరిగి వెళ్లడమే మార్గం. బొగత ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు చూడవచ్చు. పర్యాటకులు సురక్షితంగా వచ్చి, ఆ సౌందర్యాన్ని కనులారా తిలకించి, క్షేమంగా ఇల్లు చేరినప్పుడే ఆ ప్రయాణం సఫలమవుతుంది.