కాలేయ రక్షణలో మొక్కల సారాలు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతం

విషాలు, మద్యం, కొన్ని మందులు, వైరస్‌లు కాలేయ కణాలను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బను తగ్గించే గుణం కొన్ని మొక్కలకు ఉందని సంప్రదాయ వైద్యం చెబుతుంది. వాటి ఆకు, వేరు, గింజ లేదా మొత్తం మొక్క నుంచి తీసిన పదార్థాలను కాలేయ రక్షక సారాలు అంటారు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ మొదలుకొని వనపర్తి మెట్టపొలాల మీదుగా నల్లమల అడవి దాకా ఈ మొక్కలు చాలావరకు అడగకుండానే మొలుస్తాయి. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా నుంచి విడివడి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పచ్చకామెర్లు వస్తే పసరు తాగడం నేటికీ ఉన్న అలవాటే. ఈ మొక్కల్లో చాలావాటికి ఎలుకల మీద చేసిన పరీక్షల్లో మంచి ఫలితాలు వచ్చాయి. మనుషుల విషయంలో మాత్రం రుజువు ఇంకా పలచగానే ఉంది.

ప్రాంతంలో దొరికే మొక్కలు

వీటిలో ముందుగా చెప్పవలసింది నేలవుసిరి. వానలు పడగానే చేలలో, ఇళ్ల పెరళ్లలో జానెడు ఎత్తున లేచే కలుపు మొక్క ఇది. ఆకుల కింద వరుసగా చిన్న ఉసిరికాయల్లాంటి కాయలు ఉంటాయి. మొక్కను వేళ్లతో సహా పీకి, కడిగి, నూరి, పాలలోనో మజ్జిగలోనో కలిపి పరగడుపున తాగిస్తారు. కాలేయ పరిశోధనలో ఎక్కువగా వాడిన జాతి ఫిల్లాంథస్ అమారస్. ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అనే పదార్థాలు ఇందులో ఉంటాయి. దీన్ని పోలిన జాతులు మరికొన్ని అవే చేలలో పక్కపక్కనే పెరుగుతాయి. సేకరించేవారు అన్నిటినీ ఒకే మూటలో కడతారు. ఏ జాతి ఎంత ఉందో తేల్చకుండా సారం తీస్తే, ఒక ఊరి మందుకూ మరో ఊరి మందుకూ బలం వేరుగా ఉంటుంది.

చెరువు అంచుల్లో, వరి గట్ల మీద పెరిగే గుంటగలగరను జనం జుట్టుకు రాసే నూనె కోసం ఎక్కువగా ఎరుగుదురు. కాలేయానికి సంబంధించి ఇందులో గుర్తించిన ముఖ్య పదార్థం వెడెలోలాక్టోన్. నేలవేము నల్లమల చెట్ల నీడన పెరుగుతుంది, నాలుక మీద పెడితే చేదు చాలాసేపు వదలదు. ఆ చేదుకు కారణమైన ఆండ్రోగ్రాఫొలైడ్‌ను 1911లోనే విడదీశారు. బీడు భూముల్లో వెంపలి, దారుల పక్కన నేలను అంటుకొని పాకే అటికమామిడి కూడా కామెర్ల మందుల్లో చేరతాయి. పాలమూరు మెట్టనేలల్లో తరతరాలుగా పండిన ఆముదం ఆకును కూడా నూరి తాగిస్తారు. ఆకు సంగతి వేరు, గింజ సంగతి వేరు. గింజలో రిసిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది కాబట్టి పసరులో గింజ పడకూడదు.

నల్లమలలో చెంచులు ఏరి అమ్మే అటవీ ఫలసాయంలో తేనె, జిగురు, కరక్కాయలతో పాటు చిల్లగింజలు ఉన్నాయి. మురికి నీళ్ల కుండ లోపలి గోడకు ఈ గింజను అరగదీస్తే మట్టి అడుగుకు దిగి నీళ్లు తేరతాయి. ఇదే గింజ సారాన్ని 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో, కాలేయాన్ని దెబ్బతీసే కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇచ్చిన ఎలుకల మీద పరీక్షించగా కాలేయ నష్టం తగ్గింది. అయితే కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు ఎక్కువగా నీటి ద్వారా వ్యాపిస్తాయి. తేరిన నీరు కంటికి శుభ్రంగా కనబడినా, వైరస్ చావాలంటే మరగబెట్టాల్సిందే.

సారం తీయడం, పరీక్షించడం

ఇంట్లో పసరు అంటే పచ్చి ఆకు రసం. ప్రయోగశాలలో మొక్కను నీడలో ఎండబెట్టి, పొడి చేసి, నీళ్లు, ఇథనాల్ లేదా మెథనాల్‌లో నానబెట్టో వేడి చేసో అందులోని పదార్థాలను రాబడతారు. తరువాత ద్రావకాన్ని ఇంకిస్తే జిగట ముద్ద మిగులుతుంది. నీటిలో దిగేవీ ఆల్కహాల్‌లో దిగేవీ ఒకటి కావు కనుక, పేపర్లలో ఫలితం ఇచ్చిన సారమూ ఊళ్లో తాగే పసరూ రసాయనపరంగా వేర్వేరు మందులు.

కాలేయానికి కావాలని దెబ్బ కొట్టే పద్ధతుల్లో ఎక్కువగా వాడేది కార్బన్ టెట్రాక్లోరైడ్. కాలేయ కణాల్లోని సైటోక్రోమ్ పి450 ఎంజైములు దాన్ని విరిచి ట్రైక్లోరోమిథైల్ అనే చురుకైన రాడికల్‌గా మారుస్తాయి. అది కణపు పొరల్లోని కొవ్వును ఆక్సీకరించి పొరలను చిల్లులు చేస్తుంది. లోపల ఉండాల్సిన ఏఎల్‌టీ, ఏఎస్‌టీ ఎంజైములు రక్తంలోకి కారతాయి. రెండో పద్ధతిలో పారాసిటమాల్‌ను అధిక మోతాదులో ఇస్తారు. దాని నుంచి పుట్టే విష పదార్థాన్ని మామూలుగా కణాల్లోని గ్లూటాథయోన్ అనే పదార్థం పట్టి బయటికి పంపుతుంది. గ్లూటాథయోన్ అయిపోతే ఆ విషం కణాల్లోని ప్రొటీన్లకు అంటుకొని వాటిని చంపుతుంది. మొక్కల సారాల్లోని ఫ్లేవనాయిడ్లు, లిగ్నాన్లు, చేదు పదార్థాలు రాడికళ్లను అణచడం, గ్లూటాథయోన్ నిల్వను నిలబెట్టడం, వాపు తగ్గించడం ద్వారా పనిచేస్తాయని ఈ పరీక్షలు సూచిస్తాయి.

పోల్చి చూసేందుకు చాలా అధ్యయనాల్లో ఒక ఎలుకల గుంపుకు సిలిమారిన్ ఇస్తారు. ఐరోపాకు చెందిన మిల్క్ థిసిల్ గింజల నుంచి దీన్ని 1968లో మ్యూనిక్‌లో వాగ్నర్ అనే శాస్త్రవేత్త బృందం వేరుచేసింది. గుంటగలగరలో వెడెలోలాక్టోన్ పాత్రను 1986లో తేల్చిన బృందంలోనూ ఆయన ఉన్నారు.

ఈ పరీక్షల్లో రెండు లోపాలను పాఠకుడు తప్పక గమనించాలి. చాలా అధ్యయనాల్లో సారాన్ని ముందు కొన్ని రోజులు తాగించి, ఆ తరువాత విషం ఇస్తారు. రోగి వచ్చేది కళ్లు పచ్చబడిన తరువాత. ముందుగా కాచే మందు, జరిగిన నష్టాన్ని సరిచేస్తుందన్న హామీ లేదు. రెండోది మోతాదు. ఎలుకకు కిలో బరువుకు 200 మిల్లీగ్రాముల సారం పనిచేసిందంటే, శరీర ఉపరితలం లెక్కన అది మనిషిలో కిలోకు సుమారు 32 మిల్లీగ్రాములకు సమానం. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు రెండు గ్రాముల సారం కావాలి. ఎండిన మొక్క బరువులో పదో వంతు సారంగా దిగుతుందనుకుంటే రోజూ 20 గ్రాముల ఎండు మొక్క అవసరం. గుప్పెడు ఆకుల పసరులో అంత సారం దొరకదు.

మనుషుల్లో రుజువులు

నేలవుసిరిని ప్రపంచం పట్టించుకొనేలా చేసింది 1987, 1988 సంవత్సరాల్లో వచ్చిన రెండు పేపర్లు. హెపటైటిస్ బి వైరస్ గుర్తింపుకు 1976లో నోబెల్ బహుమతి అందుకొన్న బరూచ్ బ్లంబర్గ్, ఆయన సహచరులు మొదటి దానిలో ఈ మొక్క సారం వైరస్ పెరుగుదలకు కావలసిన ఎంజైమును అడ్డుకుంటుందని చూపించారు. మరుసటి ఏడాది మద్రాసులో త్యాగరాజన్ బృందం హెపటైటిస్ బి ఉన్నవారికి రోజుకు మూడుసార్లు 200 మిల్లీగ్రాముల చొప్పున 30 రోజులు పొడి ఇచ్చింది. మందు తీసుకొన్న 37 మందిలో 22 మందికి వైరస్ ఉపరితల యాంటిజెన్ కనబడకుండా పోయింది; ఉత్తుత్తి మందు తీసుకొన్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. లాన్సెట్ పత్రికలో వచ్చిన ఈ ఫలితం ఎంతో ఆశ రేపింది. ఇతర దేశాల్లో జరిగిన ప్రయోగాల్లో అది తిరిగి రాలేదు. అన్ని ప్రయోగాలనూ కలిపి చూసిన 2011 నాటి కొక్రేన్ సమీక్ష, నమ్మదగిన లాభం తేలలేదని చెప్పింది. సిలిమారిన్‌దీ ఇదే దారి. హెపటైటిస్ సి ఉన్న 154 మందికి 24 వారాలు పెద్ద మోతాదులు ఇచ్చి చూసిన అమెరికా ప్రయోగంలో, 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఏఎల్‌టీ తగ్గలేదు.

మరి ఊళ్లలో పసరు తాగినవారు ఎలా కోలుకొంటున్నారు? హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చే కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ రోజుల్లో తాగిన పసరుకు, పాటించిన పథ్యానికి పేరు దక్కుతుంది. ఇది వైద్యుడి మోసం కాదు, చూసిన దాన్ని నమ్మడమే. ఉత్తుత్తి మందు గుంపుతో పోల్చని ఏ పరిశీలనైనా, ఆసుపత్రిలోనైనా, ఇక్కడే తప్పటడుగు వేస్తుంది. ప్రమాదమంతా తగ్గని కామెర్లతోనే. పిత్తనాళంలో రాయి, కణితి, మద్యంతో చెడిన కాలేయం, గర్భిణికి సోకిన హెపటైటిస్ ఇ అలాంటివి. చివరిది నెలలు నిండుతున్న స్త్రీలలో నూటికి 20 మంది దాకా ప్రాణం తీయగలదు. చేతికి వాతలు పెట్టడం, కళ్లలో పసరు పిండడం వంటి పద్ధతులు ఇలాంటి రోగులకు విలువైన రోజులను పోగొడతాయి. ఆలస్యం పారాసిటమాల్ విషంలోనూ చేటే: ఆ విషానికి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే నమ్మకమైన విరుగుడు ఉంది. దాన్ని తొలి ఎనిమిది గంటల్లో ఇస్తేనే పూర్తి ఫలం.

మొక్కల వల్ల కలిగే హాని

సహజమైనదంతా కాలేయానికి మేలు చేయదు. కోవిడ్ కాలంలో తిప్పతీగ కషాయం ఇంటింటా కాచారు. 2022లో దేశంలోని 13 కేంద్రాలు కలిసి, తిప్పతీగ వాడిన తరువాత కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలు ప్రకటించాయి. వారిలో కొందరికి శరీర రక్షణ వ్యవస్థే కాలేయం మీద తిరగబడే వ్యాధి బయటపడింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ తిప్పతీగకు, ఈ హానికి ముడిపెట్టడాన్ని అంగీకరించలేదు, పోలిన జాతితో పొరబడే అవకాశాన్ని ఎత్తి చూపింది. మిరియాల సారం కలిపిన పసుపు మాత్రలతో కూడా కాలేయ నష్టం నమోదైంది. కూరలో వేసే పసుపు వేరు, గాఢంగా తీసిన కర్క్యుమిన్ వేరు.

పల్లి, బూజు విషం

ఈ మూడు జిల్లాలకు కాలేయ రక్షణలో మరో సంగతి ముఖ్యం. యాసంగిలో ఇక్కడ పల్లి (వేరుశనగ) విస్తారంగా పండుతుంది. పంట చివర నీటి ఎద్దడి తగిలినా, కోశాక సరిగా ఆరకపోయినా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేరి అఫ్లాటాక్సిన్ తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో వేరుశనగ పిండి తిన్న టర్కీ కోళ్లు వేలాదిగా చనిపోయినప్పుడు ఈ విషం బయటపడింది. అఫ్లాటాక్సిన్ బి1 కాలేయ క్యాన్సర్‌కు నిర్ధారిత కారణం. హెపటైటిస్ బి కూడా ఉన్న మనిషిలో దాని ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మొక్కల పదార్థం ఒకటి మనుషుల్లో స్పష్టమైన ఫలితం ఇచ్చింది ఈ విషం మీదే. చైనాలోని చీడాంగ్‌లో 180 మందికి నాలుగు నెలలు ప్రయోగం జరిపారు. 2001లో ఫలితాలు వచ్చాయి. ఆకుపచ్చ రంగు నుంచి తయారయ్యే క్లోరోఫిల్లిన్‌ను భోజనంతో పాటు తీసుకొన్నవారిలో, అఫ్లాటాక్సిన్ డీఎన్ఏను దెబ్బతీసిన గుర్తు 55 శాతం తగ్గింది. పేగులోనే విషాన్ని పట్టుకొని ఒంట్లోకి పోనివ్వకపోవడం వల్ల ఇది సాధ్యమైందని భావిస్తారు. అది క్యాన్సర్‌ను ఆపిందని ఈ ప్రయోగం చూపలేదు.

పొలంలో జాగ్రత్తలు దీనికన్నా చవక. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వేరుశనగలో అఫ్లాటాక్సిన్ తగ్గించే రకాల మీద, సాగు పద్ధతుల మీద, చవకగా చేయగల పరీక్షల మీద ఏళ్లుగా పనిచేసింది. కాయ ముదరగానే పీకడం, మట్టి మీద కుప్ప వేయకుండా ఎండబెట్టడం, గింజలో తేమ ఎనిమిది శాతానికి దిగాకే బస్తాలకు ఎత్తడం, పగిలిన కాయలను, ముడుచుకుపోయి రంగు మారిన గింజలను ఏరి పారేయడం ఇందులో ముఖ్యమైనవి. ఏరి తీసిన గింజలను నూనెకో పశువుల దాణాకో పంపితే విషం అక్కడికి చేరుతుంది. అలాంటి దాణా తిన్న పాడి పశువు పాలలో అది అఫ్లాటాక్సిన్ ఎం1 రూపంలో మళ్లీ ఇంటికి వస్తుంది.